ఆరేళ్ళ గుండెమంట: ఒక రొయ్యల రైతు కేసు

"గ్యాస్ సార్. ఆరేండ్ల నుంచీ గ్యాసే" అంటూ కూర్చున్నాడు. అడక్కుండానే అరచేతిని పొట్ట పైభాగంలో ఆనించి, రొమ్ము మధ్యగా గొంతు దాకా మెల్లగా జరిపి చూపించాడు.

నెల్లూరులో గ్యాస్ అంటే ఒకటి కాదు. కడుపుబ్బరం గ్యాసే, వీపు పట్టేస్తే గ్యాసే, తల తిరిగినా గ్యాసే. గుండెపోటు కూడా చాలాసార్లు గ్యాస్ పేరుతోనే మా పొగతోట ఆసుపత్రుల మెట్లు ఎక్కుతుంది. అందుకని కేస్‌షీట్‌లో నేను ఆ మాట రాయను. చెయ్యి ఎక్కడ పెట్టారు, ఎటు జరిపారు అన్నది రాస్తాను. అన్నవాహికలో మంట ఉన్నవాళ్ళు ఎక్కువమంది ఈయనలాగే అరచేతిని కింది నుంచి పైకి జరుపుతారు. గుండెనొప్పి వాళ్ళు పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టుకుంటారు. ఇది పక్కా పరీక్ష కాదు, దీన్ని నమ్ముకుని ఎవరినీ ఇంటికి పంపకూడదు. ముందు ఎటు చూడాలో మాత్రం చెబుతుంది.

వయసు 48. ఇందుకూరుపేట వైపు, సముద్రానికి దగ్గర ఊరు. ఏడెకరాల రొయ్యల గుంటలు, సగం సొంతం, సగం లీజు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాసుకోవడానికి ఆయనా భార్యా ఒప్పుకున్నారు. "రాయండి సార్, నాలాగా మాత్రలు మింగేవాళ్ళు మా గుంటల కాడ ఇంకా పదిమంది ఉండారు" అన్నాడు.

వారంలో ఐదారు రోజులు మంట. రాత్రి భోంచేసి పడుకున్న అరగంటకి మొదలవుతుంది. రెండింటప్పుడు నోట్లోకి పుల్లటి నీళ్ళు వచ్చి, దగ్గుకుంటూ లేచి కూర్చుంటాడు. పొద్దున్నే గొంతు బొంగురు. వంగి 25 కిలోల మేత సంచి ఎత్తితే చేదు నోటి దాకా వస్తుంది. పగలు, ఖాళీ కడుపుతో తిరిగేటప్పుడు ఏమీ ఉండదు. ఈ చివరి మాట నాకు బాగా పనికొచ్చింది. అల్సర్ నొప్పికి తిండితో లెక్క ఉండొచ్చు గాని, ఇట్లా పడుకోవడంతోనూ వంగడంతోనూ ముడిపడిన లెక్క సాధారణంగా ఉండదు. పడుకుంటే వస్తుంది, వంగితే వస్తుంది, నిలబడితే పోతుంది అంటే లోపల ద్రవం ఏదో ఎటు వాలితే అటు కదులుతోందన్నమాట.

ఆరేళ్ళుగా ఆసిడ్ తగ్గించే ప్యాంటాప్రజోల్, వాంతులు ఆపే డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్ రోజూ వేసుకుంటున్నాడు. మూడేళ్ళ కిందట వేరేచోట ఎండోస్కోపీ చేసి "కొద్దిగా పూత" అన్నారట. హెలికోబాక్టర్ బాక్టీరియాకి 14 రోజుల యాంటీబయాటిక్ కోర్సు కూడా అయింది. ఆ రెండు వారాలూ నోరంతా ఇనుము రుచి తప్ప మంటలో తేడా లేదన్నాడు. ఉండకపోవడం సహజమే. 1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆ బాక్టీరియాని గుర్తించారు, 2005లో నోబెల్ అందుకున్నారు. కడుపులో పుండ్ల చరిత్రనే అది మార్చేసింది. కానీ అది ఉండేది కడుపు గోడల మీద. అన్నవాహిక అడుగున మూత వదులైతే దానికి సంబంధం లేదు. పుండుకి మందు, మంటకి మందు ఒకటే మాత్ర కావడంతో రెండు జబ్బులూ ఒకటేనని మనవాళ్ళు అనుకుంటారు. మా వృత్తిలో కూడా కొందరు అనుకుంటారు.

ముందు గుండె, తర్వాత మింగుడు

బీపీ ఉంది, 48 ఏళ్ళు, రోజుకి ఐదారు సిగరెట్లు, పొట్ట. మంట ఎంత స్పష్టంగా ఉన్నా ఈ మనిషికి ముందు చూడాల్సింది గుండె. ఈసీజీ తీశాం, గుండె డాక్టరు దగ్గరికి పంపి ట్రెడ్‌మిల్ చేయించాం. రెండూ బాగున్నాయి. గుంట గట్టు మీద చకచకా నడిచినా, ఏరేటర్ (గుంట నీళ్ళలో గాలి కలిపే యంత్రం) మోసినా మంట రాదన్నాడు. అప్పుడు గాని కింది వరసకి దిగలేదు.

తర్వాత అడిగింది మింగుడు గురించి. అన్నం అడ్డం పడుతుందా? నీళ్ళు కూడా ఆగుతాయా? బరువు తగ్గాడా, విరేచనం నల్లగా పోతోందా, రక్తం తక్కువైందా? ఏదీ లేదు. ఈ ప్రశ్నలు నేను చిలక పలుకుల్లా అడగను. కారణం ఒకామె. పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళే మనిషి. కందుకూరు వైపు ఊరు. రెండేళ్ళు గ్యాస్ మాత్రలు మింగింది. మంట ఉంది, పడుకుంటే తిన్నది వెనక్కి వస్తుంది, అచ్చం ఇదే కథ. తేడా ఒక్కటే. ఆమెకి నోట్లోకి వచ్చేది పుల్లగా ఉండదు, సాయంత్రం తిన్న మెతుకు మెతుకుగానే దిండు మీద పడేది. బేరియం ఎక్స్‌రే తీస్తే అన్నవాహిక గరాటులా సాగి, కొన దగ్గర పక్షి ముక్కులా సన్నబడి ఉంది. అకలేషియా. అక్కడ మూత వదులు కాలేదు, అసలు తెరుచుకోవడమే మానేసింది. లోపల నిలవున్న తిండి పులిసి మంట. దానికి ఆసిడ్ మాత్రలు ఎన్నేళ్ళు మింగినా ఏం లాభం? ఆ కండరాన్ని సాగదీయాలి, లేదా కోయాలి.

అప్పటి నుంచి "వెనక్కి వస్తోంది" అని ఎవరన్నా "పుల్లగానా, చప్పగానా?" అని అడుగుతాను. మన రైతు ఠక్కున చెప్పాడు: "చింతకాయ నమిలినట్టుంటది సార్, పండ్లు పులిసిపోతాయి."

పసుపు సంచి

మొదటిసారి వచ్చినప్పుడు నేను చేసింది పెద్ద గొప్ప వైద్యం కాదు. మాత్ర రాత్రి భోజనం అయ్యాక, టీతో వేసుకుంటున్నాడని తెలిసింది. తిండికి అరగంట ముందు వేసుకోమన్నాను. కారం, పులుపు, టీ తగ్గించమన్నాను. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అంటే "బీపీ మాత్ర ఒకటే సార్" అన్నాడు. రాసుకున్నాను. ఏ మాత్ర, ఎంత, ఎప్పటి నుంచి అని అడగలేదు. బయట నలభై మంది ఉన్నారు. సాకు అదే.

నాలుగు వారాలకి మళ్ళీ వచ్చాడు. మంట కొంచెం నయం, దగ్గు అట్లనే ఉంది, పుల్లనీళ్ళు అట్లనే ఉన్నాయి. ఈసారి భార్య కూడా వచ్చింది. చేతిలో ఏదో పెళ్ళిలో ఇచ్చిన పసుపు గుడ్డసంచి. "ఈయన మింగేటివన్నీ తెచ్చా సార్, మీరే చూడండి" అని బల్ల మీద బోర్లించింది.

బీపీకి ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్, వారానికి మూడు నాలుగు. ఆయాసానికి, దగ్గుకి థియోఫిలిన్ ఉన్న మాత్ర రోజుకి రెండు. ఆసిడ్ క్యాప్సూల్. సగం తాగిన గులాబీరంగు యాంటాసిడ్ సీసా. నీళ్ళలో వేస్తే పొంగే పొడి పొట్లాలు గుప్పెడు.

"బీపీ మాత్ర ఒకటే అన్నారు కదా?"

"మిగతావి జబ్బులకి కాదు కదా సార్, అవసరానికి!"

స్ట్రిప్పులన్నీ బల్ల మీద వరసగా పేర్చి, ఏది ఎప్పుడు మొదలైందో అడిగాను. తారీఖులు ఆయనకి గుర్తులేవు. భార్యకి ఉన్నాయి, క్యాలెండర్ లెక్కలో కాదు, ఇంటి లెక్కలో. బీపీ మాత్ర పెద్దోడు టెన్త్‌లో ఉన్నప్పుడు. దాన్ని ఐదు నుంచి పదికి పెంచింది మరుసటి ఏడు, రెండో గుంట లీజుకి తీసుకున్నప్పుడు. మంట అని లేచి కూర్చోవడం? ఆమె కాసేపు ఆలోచించి, "ఆ వేసంగి పంటకే సార్. గుంట కాడ మంచం ఏసింది ఆ ఏడే" అంది. దగ్గు రెండేళ్ళ తర్వాత. దగ్గుకి ఆస్తమా అన్నారు, థియోఫిలిన్ ఇచ్చారు. అది మొదలయ్యాక రాత్రిళ్ళు ఇంకా ఎక్కువైంది.

ఈ వరసని నేను మొదటి రోజే రాబట్టి ఉండాల్సింది.

అన్నవాహిక కడుపులో కలిసే చోట మూడు నాలుగు సెంటీమీటర్ల మేర ఒక కండరపు బిగింపు ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుంటుంది, తర్వాత మూసుకుంటుంది. చుట్టూ డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే కండరం కూడా పటకారులా పట్టుకుని ఉంటుంది. కడుపులో రోజూ లీటరున్నర దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ జఠరరసం ఊరుతుంది. మనందరికీ ఊరుతుంది. అది ఉండాల్సిన చోట ఉన్నంతసేపు ఇబ్బంది లేదు, కడుపు గోడలకి జిగురు పూత ఉంది. అన్నవాహికకి అంతటి రక్షణ లేదు. దీర్ఘకాలపు గుండెమంటలో ఎక్కువమందికి ఆసిడ్ ఎక్కువ ఊరడం అనేదే లేదు. ఊరినది పైకి వస్తోంది. "ఎసిడిటీ ఎక్కువైంది" అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఆ బిగింపు కండరం ముడుచుకోవాలంటే కాల్షియం లోపలికి వెళ్ళాలి. ఆమ్లోడిపిన్ రక్తనాళాల కండరాల్లో కాల్షియం దారి మూసి బీపీ తగ్గిస్తుంది. మంచి మందు, లక్షలమంది వాడుతున్నారు, చాలామందికి ఏ ఇబ్బందీ లేదు. కొందరిలో మాత్రం అన్నవాహిక మూతని కూడా వదులు చేస్తుంది. థియోఫిలిన్ ఊపిరి గొట్టాల కండరాన్ని సడలిస్తుంది, దాంతో పాటు ఈ మూతనీ సడలిస్తుంది, పైగా ఆసిడ్ ఊరడాన్ని కొంత పెంచుతుంది. డైక్లోఫెనాక్ కథ వేరు. అది లోపలి పొరనే దెబ్బతీస్తుంది.

అంటే ఏం జరిగింది? మూత వదులైంది, పుల్లనీళ్ళు పైకి వచ్చాయి, కొంత గొంతులోకి దిగి దగ్గు వచ్చింది, దగ్గుకి ఇచ్చిన మాత్ర మూతని ఇంకా వదులు చేసింది. పైన రోజూ ఒక ఆసిడ్ క్యాప్సూల్. ఆ క్యాప్సూల్ పైకి వచ్చే నీటి పులుపుని తగ్గిస్తుంది, నీటిని ఆపదు. అందుకే మంట కాస్త తగ్గి దగ్గు అట్లనే నిలిచింది. ఒక మందు తెచ్చిన బాధకి ఇంకో మందు, దానికి మరొకటి. ఇట్లాంటి గొలుసు మా దగ్గర తరచుగా కనబడుతుంది, కాకపోతే ఒకే బల్ల మీద ఇంత శుభ్రంగా ఎప్పుడో గాని పరుచుకోదు.

ఎండోస్కోపీ

పాత ఎండోస్కోపీ మాత్ర వాడుతూ చేసినది. మాత్ర మీద ఉండగా చూస్తే పుండ్లు మానిపోయి అంతా బాగున్నట్టే కనబడవచ్చు, బాక్టీరియా పరీక్ష కూడా లేదని తప్పు చెప్పవచ్చు. అందుకని రెండు వారాలు క్యాప్సూల్ ఆపమన్నాను. నాలుగో రోజు ఫోన్. "మానేస్తే చస్తా ఉండా సార్, మునుపు కంటే ఎక్కువైంది." ఇది అనుకున్నదే. చాలాకాలం ఆసిడ్‌ని తొక్కిపెడితే శరీరం గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ పెంచుకుంటూ పోతుంది. మాత్ర ఆపగానే ఆ కసి అంతా చూపిస్తుంది. కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. చాలామంది ఈ నాలుగో రోజునే "చూశారా, ఈ మాత్ర లేకుండా నేను బతకలేను" అని తేల్చుకుని మళ్ళీ మొదలుపెడతారు. ఈయనకి ఆల్జినేట్ (కడుపులోని ద్రవం మీద తెట్టులా తేలే పదార్థం) ఉన్న సిరప్ ఇచ్చి, పడుకునే ముందు తాగమని, ఎట్లాగో పద్నాలుగు రోజులు లాగించాం.

అన్నవాహిక కింది కొసలో నాలుగు చారల్లాంటి పుండ్లు, వాటిలో రెండు ఐదు మిల్లీమీటర్లు దాటినవి, ఒకదానికొకటి కలవనివి. ఈ పుండ్ల తీవ్రతని ఎ నుంచి డి దాకా చెప్పే లాస్ ఏంజెలిస్ వర్గీకరణలో దీన్ని గ్రేడ్ బి అంటాం. కడుపు పైభాగం మూడు సెంటీమీటర్ల మేర డయాఫ్రం పైకి జారి ఉంది, అదే హయాటస్ హెర్నియా. బాక్టీరియా లేదు. బారెట్ మార్పులు, అంటే ఏళ్ళ తరబడి ఆసిడ్ తగిలి అన్నవాహిక లోపలి పొర మారిపోవడం, లేవు. కడుపులో డైక్లోఫెనాక్ గీతలు రెండు మూడు.

ఈ గ్రేడూ ఈ లక్షణాలూ కలిస్తే రిఫ్లక్స్ (కడుపులోది అన్నవాహికలోకి వెనక్కి రావడం) అని తేల్చడానికి చాలు. అన్నవాహికలోకి ఆసిడ్ ఎంత వస్తోందో కొలిచే 24 గంటల పీహెచ్ పరీక్షకి నేను చెన్నై పంపాలి, ఈయనకి అక్కర్లేదు. ఎండోస్కోపీ బాగుండి మాత్రలకి లొంగని వాళ్ళకి ఆ పరీక్ష తప్పనిసరి. అందులో కొంతమందికి అసలు రిఫ్లక్సే లేదని తేలుతుంది.

హెర్నియా అనగానే భార్యాభర్తలిద్దరూ బిత్తరపోయారు. ఆపరేషన్ అనుకున్నారు. గజ్జల్లో వచ్చేది వేరు, ఇది వేరు అని బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. మూత కండరం, డయాఫ్రం పటకారు రెండూ ఒకేచోట ఉంటే బిగింపు బాగుంటుంది. హెర్నియాలో రెండూ ఒకదాని మీద నుంచి ఒకటి జారిపోతాయి, ఏదీ సరిగ్గా పట్టదు. దాన్ని కింది నుంచి నెట్టేది పొట్ట. 166 సెంటీమీటర్ల మనిషి 86 కిలోలు. నడుము కొలత 104. వరి పొలంలో ఉన్నప్పుడు 75 ఉండేవాడినన్నాడు. గుంటల్లోకి వచ్చాక గట్టు మీద బండి మీదే తిరుగుడు. పరీక్ష చేస్తుంటే ఒకటి కనబడింది. మొలతాడు చర్మంలోకి దిగి చుట్టూ నల్లటి గాడి పడి ఉంది. పొట్ట పెరిగింది, తాడు మార్చలేదు. దాని మీద లుంగీ బిగింపు. లోపలి పీడనం పెరగడానికి ఇంకేం కావాలి? కత్తెర తెప్పించి నేనే కోసేద్దామనుకున్నాను గాని, ఆమె ఒప్పుకోలేదు. ఇంటికెళ్ళి మంచిరోజు చూసి కొత్తది వదులుగా కడతానంది.

గుంట గట్టు మీద మంచం

"గుంట కాడ మంచం ఏసింది ఆ ఏడే" అన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒక ఆదివారం కుటుంబంతో మైపాడు సముద్రానికి వెళ్తూ, దారేగా అని వాళ్ళ గుంట దగ్గర ఆగాను.

రేకుల షెడ్డు. ఒక మూల మేత సంచులు, ఒక మూల జనరేటర్, మధ్యలో నులకమంచం. నులక ఎంత సాగిందంటే నడిమి భాగం నేలకి జానెడు ఎత్తులో ఉంది. కూర్చుని చూశాను. పడుకుంటే నడుము గుంటలో పడి, మోకాళ్ళూ మెడా పైకి లేచి, పొట్ట నడిమికి మడతపడుతుంది. కింది నుంచి మడత, పైన నిండు కడుపు.

రాత్రి దినచర్య అడిగాను. ఇల్లాలు ఎనిమిదింటికి క్యారియర్ పంపిస్తుంది. కానీ తినేది పదకొండుకి, చెక్ ట్రేలు ఎత్తి మేత ఎంత మిగిలిందో చూసుకున్నాక. రెండు రకాల కూర, పప్పు, పెరుగు, పగలు సరిగ్గా తినడు గనక అప్పుడు కడుపు నిండా. తిన్న పది నిమిషాలకి మంచం. గుంటలో ఆక్సిజన్ తెల్లవారుజామున పడిపోతుంది, ఏరేటర్లు ఆగితే పంట మొత్తం పోతుంది, కాబట్టి రెండింటికల్లా లేవాలి. మెలకువ కోసం టీలు, సిగరెట్లు. మంట మొదలైతే చల్లటి పాలు. పాలు ఆ పది నిమిషాలు హాయిగా ఉంటాయి, తర్వాత వాటిలోని ప్రోటీనూ కాల్షియమే మళ్ళీ ఆసిడ్‌ని ఊరిస్తాయి. ఛాతీ బరువుగా ఉంటే గోళీసోడా. "తేన్పు వస్తే హాయి సార్" అన్నాడు. కడుపు ఉబ్బినప్పుడు గాలి బయటికి పంపడానికి మూత కాసేపు తనంతట తానే వదులవుతుంది, అందరికీ. అదే తేన్పు. గాలితో పాటు ఆసిడ్ కూడా అదే దారిన వస్తుంది. సోడా తాగి తేన్పు తెప్పించుకోవడమంటే చేతులారా తలుపు తీయడం.

అక్కడే మాత్ర సంగతి కూడా తెగింది. మూడుసార్లు చెప్పినా ఆయనకి అరగంట ముందే ఎందుకో ఎక్కలేదు. ఏరేటర్ చూపించి అడిగాను: "ఆక్సిజన్ పడుతుందని తెలిసి మీరు ముందే ఎందుకు వేస్తారు? రొయ్య పైకి తేలాక వేస్తే?" నవ్వాడు. ఈ మాత్రా అంతే. ఊరిన ఆసిడ్‌ని అది చల్లార్చదు, ఊరించే పంపుల్ని మూస్తుంది. తిండి పడ్డప్పుడే ఆ పంపులు పనిలోకి దిగుతాయి. మందు రక్తంలో ఉండేది కొద్ది గంటలే. పంపులు లేచే వేళకి అది అక్కడ సిద్ధంగా ఉండాలి. భోంచేశాక వేసుకుంటే అప్పటికే రొయ్య తేలిపోయింది.

మార్చినవి

ఆమ్లోడిపిన్ ఆపి టెల్మిసార్టాన్ 40 అనే వేరే బీపీ మాత్ర పెట్టాం, రాసిచ్చిన డాక్టరుతో ఫోన్లో మాట్లాడాకే. ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలో పొటాషియం చూసుకున్నాం, రెండు వారాలకి మళ్ళీ చూశాం. డైక్లోఫెనాక్ పూర్తిగా మాన్పించాను. టెల్మిసార్టాన్‌తో కలిస్తే అది కిడ్నీలకి కూడా మంచిది కాదు. మోకాలికి పారాసిటమాల్, వ్యాయామం. దగ్గు విషయంలో ఛాతీ డాక్టరు సలహా అడిగాం. ఊపిరి పరీక్ష బాగుంది, పిల్లికూతలు లేవు, థియోఫిలిన్ ఆపి చూడమన్నారు. ఆపాం. డోంపెరిడోన్ కూడా తీసేశాను. గుండె లయ మీద ప్రభావం చూపగల మందు అది. 2014లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని వికారం, వాంతులకి మాత్రమే, మామూలుగా ఒక వారం మించకుండా వాడమంది. ఇక్కడ అది ఆసిడ్ మాత్రకి తోకలా ఏళ్ళ తరబడి వెళ్తోంది.

మిగిలింది ప్యాంటాప్రజోల్ 40 ఒక్కటే, ఎనిమిది వారాలకి. క్యారియర్ వచ్చే వేళ ఏడుకి మార్చాం, మాత్ర ఆరున్నరకి. పదకొండింటి పని అట్లనే ఉంది, ఆ తర్వాత తినడానికి ఏమీ లేదు. ఇది ఆమె పెట్టిన షరతు, నాది కాదు. నులక తీసేసి నవారు బిగించారు, తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు. రెండు దిండ్లు పెట్టుకుంటే చాలదా అన్నాడు. దిండ్లతో మెడ వంగుతుంది, పొట్ట మళ్ళీ మడతపడుతుంది. మంచమే వాలుగా ఉండాలి, 15 నుంచి 20 సెంటీమీటర్లు. ఎడమవైపు తిరిగి పడుకోమన్నాను. ఆ పక్కకి తిరిగితే కడుపులోని ద్రవం మూత కంటే కిందికి ఉంటుంది.

తిండి దగ్గర ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న చేపల పులుసు గురించి. నాలుగేళ్ళుగా ముట్టలేదు. నెల్లూరు మనిషి, సముద్రం పక్కన ఊరు, ఇంట్లో మామిడికాయ వేసి పులుసు కాస్తుంటే ఈయన పెరుగన్నం తిని లేచేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు పులుపు మానమన్నవాళ్ళలో నేనూ ఒకడిని, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. పుండు పచ్చిగా ఉన్నప్పుడు కారం, పులుపు తగిలితే మండుతుంది, నిజమే. కానీ మంటకి మూలం అది కాదు. ఏ తిండి ఎవరికి పడదన్నది మనిషికో రకం, అందరికీ ఒకే పట్టిక అంటించడం మా బద్ధకం. ఈయన విషయంలో ఎంత తిన్నాడు, తిన్నాక ఎంతసేపటికి పడుకున్నాడు అన్నవి చింతపండు కంటే ఎన్నో రెట్లు ముఖ్యం. ఆరు వారాలు ఆగి, మధ్యాహ్నం పూట, రెండు ముక్కలతో మొదలుపెట్టమన్నాను.

మధ్యలో వైట్ స్పాట్

ఎనిమిది వారాలకి మంట వారంలో ఒకరోజుకి దిగింది. పుల్లనీళ్ళు దాదాపు లేవు. దగ్గు మాత్రం మొండికేసింది, అది పూర్తిగా పోవడానికి మూడు నెలలు దాటింది. గొంతు, ఊపిరి గొట్టాలు ఆరేళ్ళ చికాకు మర్చిపోవడానికి ఆ మాత్రం పడుతుంది, మధ్యలో భయపడి మళ్ళీ దగ్గు మందు మొదలుపెట్టకుండా ఆపడమే నా పని. బొమ్మిడాయల పులుసు తిన్నాడు. ఏమీ కాలేదు. ఆ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది ఆయన కాదు, ఆమె.

నాలుగో నెలలో పక్క గుంటలకి వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు తగిలింది. పది రోజులు ఆయన గట్టు దిగలేదు. ఎప్పుడు పడితే అప్పుడు తిండి, మళ్ళీ డబ్బా సిగరెట్లు, టెన్షన్ తట్టుకోలేక రెండు మూడు రాత్రులు తాగుడు కూడా. పంట తొందరగా పట్టేసి అయినకాడికి అమ్ముకున్నాడు. మంట తిరిగొచ్చింది. నా ముందు కూర్చుని తలొంచుకున్నాడు. నేను మాత్రలు పెంచలేదు. కావలసినవన్నీ మళ్ళీ దారిన పెట్టుకోమని రెండు వారాలు ఆగాను, తగ్గింది. నా వరకు ఆ పది రోజులే ఈ కేసులో అసలు రుజువు. బీపీ మందు మారింది, థియోఫిలిన్ లేదు, అయినా మంట వచ్చింది. అంటే మందులే మొత్తం కారణం కాదు. నేను పసుపు సంచి చూసి కాస్త ఎక్కువ సంబరపడ్డాను. హెర్నియా, పొట్ట, అర్ధరాత్రి భోజనం, పొగ, మాత్రలు, ఇవన్నీ తలా ఒక చెయ్యి వేశాయి. ఎవరి వాటా ఎంతో తూచి చెప్పలేను.

ఏడాదికి 78 కిలోలకి వచ్చాడు. సిగరెట్ రోజుకి ఒకటి దగ్గర ఆగింది, సున్నా చేయలేకపోయాను. ప్యాంటాప్రజోల్‌ని ఒక్కసారిగా ఆపకుండా 20కి తగ్గించి, తర్వాత రోజు మార్చి రోజు, ఇప్పుడు మంట వస్తే ఒక వారం వేసుకుని ఆపడం. ఏళ్ళ తరబడి ఆ మాత్ర వాడాడు గనక రక్తంలో బీ12, మెగ్నీషియం చూశాం, బాగున్నాయి. గ్రేడ్ బి కాబట్టి మళ్ళీ ఎండోస్కోపీ చేయలేదు, సి గాని డి గాని అయి ఉంటే చేసేవాడిని. హెర్నియా అట్లనే ఉంది, ఉంటుంది. ఆపరేషన్ చేయించుకుంటే మాత్రల పీడ పూర్తిగా వదులుతుందా అని అడిగాడు. వదలవచ్చు, కొందరికి కొన్నేళ్ళకి మళ్ళీ మాత్ర అవసరం పడుతుంది, మింగడం కష్టం కావడం, కడుపుబ్బరం లాంటివి కొందరికి మిగులుతాయి. ఈ కాస్త బాధకి అంత పని వద్దన్నాను. నెలకి రెండు మూడు రాత్రులు ఇప్పటికీ మంట వస్తుంది, ఎక్కువగా పెళ్ళి భోజనాల తర్వాత.

మొన్న వచ్చినప్పుడు పసుపు సంచి లేదు, రెండు స్ట్రిప్పులు చొక్కా జేబులో ఉన్నాయి. వెంట పక్క గుంట రైతుని తీసుకొచ్చాడు, వాళ్ళ ఊరి మనిషే, యాభై దాటి ఉంటుంది. "ఈయనకీ నాకున్నదే సార్, గ్యాస్" అన్నాడు మనవాడు, తనకి తెలిసిన జబ్బు అన్న ధీమాతో. ఆ రైతు ఇంకా కూర్చోలేదు. నుదుటి మీద చెమట, పిడికిలి బిగించి రొమ్ము నడిమధ్య ఆనించి ఉంది. "గట్టు ఎక్కితే వస్తా ఉంది సార్, ఆగితే పోతా ఉంది" అన్నాడు.

ఆయన్ని కుర్చీలో కూర్చోనివ్వలేదు. నర్సుని పిలిచి చక్రాల కుర్చీలో ఈసీజీ గదికి పంపించాను.